పోటీ పిస్టల్‌లో రీకాయిల్ స్ప్రింగు: ఎప్పుడు అలసిపోతుంది, ఎప్పుడు మార్చాలి

సంక్షిప్తంగా: 25 మీటర్ల పోటీల్లో వాడే సెమీ ఆటోమేటిక్ పిస్టళ్లలో రీకాయిల్ స్ప్రింగు, అంటే పేలుడుకు వెనక్కి పోయిన భాగాన్ని తిరిగి ముందుకు తోసే స్ప్రింగు, ఇప్పుడు పేలుతున్న గుండు ఎక్కడ తగలాలో దాదాపు నిర్ణయించదు. తర్వాతి తూటా చాంబర్‌లోకి (తూటా కూర్చుని పేలే గదిలోకి) సాఫీగా చేరుతుందా, గురి ఎంత త్వరగా కుదురుకుంటుంది అన్నవే దాని చేతిలో ఉంటాయి. స్ప్రింగు వయసును ఏళ్లలో కాక పేల్చిన రౌండ్లలో లెక్కించాలి. పిస్టల్ మొరాయించిన ప్రతిసారీ దోషం స్ప్రింగుదే కాకపోవచ్చు గనుక, మార్చే ముందు మిగతా కారణాలను వరుసగా తీసేసుకుంటూ రావాలి.

2021 జులైలో టోక్యో ఒలింపిక్స్ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ అర్హత పోటీ మధ్యలో మను భాకర్ పిస్టల్ మొరాయించింది. దాన్ని బాగు చేయించుకునే లోపు విలువైన నిమిషాలు పోయాయి, 575 పాయింట్లతో ఆమె 12వ స్థానంలో ఆగిపోయింది. ఆ ఘటనతో పిస్టల్ మొరాయింపు అనే మాట చర్చకు వచ్చింది. అయితే దానితోపాటు ఒక గందరగోళం కూడా వచ్చింది. ఎయిర్ పిస్టల్‌లో గుండును తోసేది సిలిండర్‌లో నింపిన గాలి. ప్రతి గుండుకూ షూటరే చేత్తో లివర్ తెరిచి పెల్లెట్ పెట్టాలి కాబట్టి అందులో రీకాయిల్ స్ప్రింగుకు పనే లేదు. ఆ స్ప్రింగు ప్రశ్న తలెత్తేది తూటాలతో పేల్చే 25 మీటర్ల విభాగంలో. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ నాలుగో స్థానంలో నిలిచినదీ, హైదరాబాద్‌కు చెందిన ఈషా సింగ్ పోటీపడినదీ ఈ విభాగంలోనే. ఎయిర్ పిస్టల్‌తో మొదలుపెట్టి ఈ విభాగానికి మారే వరంగల్, హనుమకొండ, కరీంనగర్ యువ షూటర్లకు యంత్రం సంరక్షణ అనే కొత్త పాఠం అక్కడే ఎదురవుతుంది.

స్ప్రింగు చేసే పని

మహిళల 25 మీటర్ల పిస్టల్, పురుషుల ర్యాపిడ్ ఫైర్ పిస్టల్ పోటీల్లో వాడేది .22 లాంగ్ రైఫిల్ తూటా. ఈ పిస్టళ్లలో చాంబర్‌ను వెనుక నుంచి మూసే ఉక్కు దిమ్మె అయిన బోల్టు, గుండు వెళ్లే గొట్టమైన బ్యారెల్‌కు తాళం వేసినట్టు బిగిసి ఉండదు. తూటా పేలినప్పుడు వాయువు ఒత్తిడి గుండును ముందుకు తోస్తూనే ఖాళీ షెల్‌ను, దాని వెనుక ఆనుకుని ఉన్న బోల్టును వెనక్కి నెడుతుంది. ఆ క్షణంలో బోల్టును నిలబెట్టేది స్ప్రింగు అని చాలామంది అనుకుంటారు. నిజానికి అప్పుడు ఎక్కువ పని చేసేది బోల్టు బరువే. స్ప్రింగు పని ఆ తర్వాత మొదలవుతుంది. వెనక్కి పోతున్న బోల్టు వేగాన్ని కొంత తగ్గించడం ఒకటి. ఆగిన బోల్టును ముందుకు తోసి, మ్యాగజైన్ అంచు నుంచి కొత్త తూటాను లాగించి, చాంబర్‌లో పూర్తిగా కూర్చోబెట్టడం రెండోది. ఈ రెండో పనిలో స్ప్రింగుకు తోడు ఇంకేదీ లేదు.

సెంటర్ ఫైర్ (తూటా అడుగు మధ్యలో సూది తగిలి పేలే రకం) పోటీలో వాడే .32 వాడ్‌కట్టర్ (ముందు భాగం చదునుగా ఉండే గుండు) పిస్టళ్లలో దెబ్బ ఇంకా గట్టిది. 9 ఎంఎం పిస్టళ్లలో బ్యారెల్, దాని మీద జారే స్లైడ్ కొంత దూరం కలిసి ప్రయాణించి విడిపోయే ఏర్పాటు ఉంటుంది. అయినా గుండు ద్రవ్యవేగం .22 కంటే మూడింతలకు పైగా ఉండటంతో వాటి స్ప్రింగులు త్వరగా అరుగుతాయి.

లెక్క వేసి చూస్తే

సాధారణ వేగపు .22 తూటాలో గుండు బరువు దాదాపు 2.6 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 325 మీటర్లు. వాయువుల వాటా కూడా కలిపితే బోల్టుకు అందే ద్రవ్యవేగం 0.9 న్యూటన్ సెకన్లని అనుకోవచ్చు. ఉదాహరణకు 200 గ్రాముల బోల్టును తీసుకుంటే అది సెకనుకు నాలుగున్నర మీటర్ల వేగంతో వెనక్కి బయలుదేరుతుంది, దానిలో ఉండే శక్తి సుమారు 2 జౌళ్లు. స్ప్రింగు సగటు బలం 30 న్యూటన్లు, అంటే మూడు కిలోల బరువు మోపినంత అనుకుందాం. అది 30 మిల్లీమీటర్లు నలిగితే మింగే శక్తి 0.9 జౌలు. తూటాను పేల్చే హ్యామర్‌ను వెనక్కి వంచి సిద్ధం చేయడానికి పోయే కొంత శక్తిని పక్కన పెడితే, మిగిలిన 1.1 జౌళ్లు బోల్టు వెనుక గోడకు, అక్కడ దెబ్బను మెత్తబరిచే రబ్బరు బఫర్ ఉంటే దానికి తగులుతాయి.

ఇప్పుడు ఆ స్ప్రింగు అయిదో వంతు బలం కోల్పోయిందనుకుంటే అది మింగేది 0.72 జౌళ్లే. వెనుక గోడకు తగిలేది 1.28 జౌళ్లకు పెరుగుతుంది, అంటే దెబ్బ ఆరో వంతు గట్టిపడింది. నష్టం అంతటితో ఆగదు. తిరుగు ప్రయాణంలో బోల్టును తోసేది కూడా ఆ 0.72 జౌళ్లే కాబట్టి, అలసిన స్ప్రింగు వెళ్లేటప్పుడు ఆపలేదు, వచ్చేటప్పుడు తోయలేదు. తూటాల ఎంపికకూ ఇదే లెక్క వర్తిస్తుంది. సెకనుకు 380 మీటర్ల హై వెలాసిటీ తూటా వాడితే బోల్టు శక్తి మూడో వంతుకు పైగా పెరుగుతుంది. టార్గెట్ పిస్టళ్ల తయారీదారులు సాధారణ వేగపు తూటాలే వాడమని పట్టుబట్టడంలో కచ్చితత్వంతో పాటు ఈ కారణం కూడా ఉంది.

గుండు తగిలే చోటు మీద ప్రభావం ఎంత

స్ప్రింగు మార్చాక గ్రూపు, అంటే టార్గెట్ మీద గుండ్లు గుంపుగా తగిలే తీరు, మారిందనే మాట తరచూ వినిపిస్తుంది. ఆ మాటను కాస్త జాగ్రత్తగా చూడాలి. గుండు 13 సెంటీమీటర్ల బ్యారెల్ దాటే లోపు బోల్టు ఎంత కదులుతుందో రెండింటి బరువుల నిష్పత్తి చెబుతుంది. 130 మిల్లీమీటర్లను 2.6తో గుణించి 200తో భాగిస్తే 1.7 మిల్లీమీటర్లు వస్తుంది. స్ప్రింగు అసలు నలగడం మొదలయ్యేసరికే గుండు బయటికి వెళ్లిపోయిందన్నమాట. గ్రూపు నిజంగానే మారి ఉంటే తూటాల లాట్ (ఒకే విడతలో తయారైన తూటాలు) మారడం, గురి చూసే సైటు స్క్రూ వదులవడం, పట్టులో తేడా వంటివి ముందుగా చూడాల్సిన కారణాలు.

రెండో గుండు సంగతి వేరు. పురుషుల ర్యాపిడ్ ఫైర్‌లో అయిదు టార్గెట్ల మీద అయిదు గుండ్లు 8, 6, 4 సెకన్లలో పేల్చాలి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో విజయ్ కుమార్‌కు రజతం తెచ్చిన పోటీ ఇదే. నాలుగు సెకన్ల సిరీస్‌లో చేయి పైకెత్తి మొదటి గుండు పేల్చడానికే ఒకటిన్నర సెకన్లు పోతే, మిగతా ఒక్కో గుండుకు 0.6 సెకను మిగులుతుంది. ఆ కొద్ది వ్యవధిలో బోల్టు వెనక్కి పోయి కొట్టే దెబ్బకు పిస్టల్ మూతి ఎంత లేస్తుంది, ముందుకొచ్చి మూసుకునే దెబ్బకు ఎంత వంగుతుంది అన్నది స్కోరు మీద తేలుతుంది. స్ప్రింగు మరీ గట్టిదైతే బోల్టు ముందుకొచ్చి తగిలినప్పుడు మూతి గురి కిందికి దిగుతుంది, మరీ మెత్తనిదైతే వెనుక దెబ్బకు ఎక్కువ ఎగురుతుంది. మహిళల 25 మీటర్ల పోటీలో ఆ అవసరం అంతగా రాదు. మొదటి అంచెలో అయిదు గుండ్లకు అయిదు నిమిషాలుంటాయి. రెండో అంచెలో టార్గెట్ మూడు సెకన్లు కనిపించి ఏడు సెకన్లు మరుగవుతుంది, కనిపించిన ప్రతిసారీ పేల్చేది ఒక్క గుండే. కాబట్టి ఈ విభాగంలో శిక్షణ పొందే అమ్మాయిలు రకరకాల బలాల స్ప్రింగులు కొని ప్రయోగాలు చేయడం వల్ల ఒరిగేది తక్కువ. కంపెనీ ఇచ్చిన స్ప్రింగును సకాలంలో మార్చుకుంటే చాలు.

అలసట ఎలా వస్తుంది

రీకాయిల్ స్ప్రింగులకు ఎక్కువగా వాడేది మ్యూజిక్ వైర్ అనే అధిక కార్బన్ ఉక్కు తీగ. ఎక్కువ మన్నిక కోసం క్రోమ్ సిలికాన్ తీగ, తుప్పు భయం ఉన్నచోట స్టెయిన్‌లెస్ తీగ వాడతారు. కొత్త స్ప్రింగు మొదటి కొన్ని వందల నలుగుళ్లలోనే కొద్దిగా పొట్టిదై అక్కడ స్థిరపడుతుంది, అది లోపం కాదు. ఆ తర్వాత వేల సార్లు నలిగాక మళ్లీ పొడవు తగ్గడం మొదలవుతుంది. మెకానిక్ షెడ్లలో దీన్నే స్ప్రింగు కూర్చుండిపోయింది అంటారు, బైకు ఫోర్కుకైనా పిస్టల్‌కైనా జరిగేది ఒకటే. పొడవు తగ్గితే బోల్టు మూసి ఉన్నప్పుడు స్ప్రింగులో ముందే ఉండాల్సిన బిగువు తగ్గుతుంది. తూటాను చాంబర్‌లోకి చివరి రెండు మిల్లీమీటర్లు తోసేది ఆ బిగువే.

దీన్ని కంటితో చూడటం కష్టమేమీ కాదు. పాత స్ప్రింగును, అదే మోడల్ కొత్త స్ప్రింగును తుడిచి, గాజు బల్ల మీద పక్కపక్కన నిలబెడితే పాతది ఒకటి రెండు చుట్ల మేర కురచగా కనిపిస్తుంది. రెండింటినీ పడుకోబెట్టి వేలితో దొర్లిస్తే, కొత్తది నున్నగా దొర్లిపోతుంది. వంకర తిరిగినది ప్రతి చుట్టుకూ ఒకసారి ఎగిరిపడుతూ పక్కకు తప్పుకుంటుంది. స్ప్రింగు లోపల నిలిచి దాన్ని వంగకుండా ఉంచే గైడ్ రాడ్‌కు రాసుకున్న చోట తీగ మీద మెరిసే గీత పడి ఉంటుంది. ఆ గీతను గోటితో తడిమినప్పుడు గాడి తగిలితే పొడవు ఎంతున్నా ఆ స్ప్రింగు పని అయిపోయినట్టే.

బోల్టు వెనక్కి లాగి రేంజ్‌లో గంటల తరబడి ఉంచితే స్ప్రింగు చచ్చిపోతుందన్న నమ్మకం బలంగా ఉంది. సరైన కొలతల్లో తయారైన స్ప్రింగుకు నిలకడగా నలిగి ఉండటం వల్ల కలిగే నష్టం స్వల్పం, మళ్లీ మళ్లీ నలిగి విడిచిపెట్టడమే దాని ప్రాణం తీస్తుంది. రేంజ్‌లో పిస్టల్ తెరిచి, చాంబర్‌లో సేఫ్టీ ఫ్లాగ్ పెట్టి ఉంచడం భద్రతా నియమం. స్ప్రింగు మీద జాలితో దాన్ని వదిలేయడానికి వీల్లేదు.

ఎండ, ముసురు, గ్రానైట్ దుమ్ము

రోహిణి కార్తెలో మూసిన కారు లోపల వేడి 60 డిగ్రీలు దాటినా ఉక్కు తీగకు ఏమీ కాదు. ఆ వేడికి చెడేవి కందెన, రబ్బరు బఫర్. పలచబడిన నూనె కారిపోయి గైడ్ రాడ్ ఎండిపోతుంది. బఫర్ గట్టిపడి పగుళ్లు తేలుతుంది, దాని పొడి రాలి బోల్టు దారిలో పడుతుంది. బఫర్ చిట్లిన పిస్టల్‌లో కొత్త స్ప్రింగు వేసి సమస్య తీరలేదని విసుగుపడటం అనుభవమున్న ఆర్మరర్లకు (తుపాకులు బాగుచేసే నిపుణులకు) పరిచయమైన దృశ్యమే.

స్ప్రింగుకు అసలు శత్రువు వానాకాలం. మృగశిర తర్వాత గాలిలో చెమ్మ పెరిగినప్పుడు ఫోమ్ పరిచిన పెట్టెలో మూసిపెట్టిన పిస్టల్‌కు ఫోమే తడిని పట్టి ఉంచుతుంది. చెమట చేత్తో ముట్టుకున్న మ్యూజిక్ వైర్ మీద సన్నని తుప్పు చుక్కలు వస్తాయి. ప్రతి చుక్క కింద చిన్న గుంట ఏర్పడి, నలిగినప్పుడల్లా ఒత్తిడంతా అక్కడే పోగవుతుంది. నిదానంగా కూర్చుండిపోవాల్సిన స్ప్రింగు ఒక్కసారిగా విరిగేది ఇలాంటి చోటే. ఎన్నికల వేళ లైసెన్సు తుపాకులను ఠాణాలో జమ చేయాల్సి వస్తుంది. క్రీడాకారులకు మినహాయింపు పొందే వీలున్నా, ఏ కారణంగానో జమ చేసి వారాల తర్వాత తెచ్చుకున్న పిస్టల్‌ను పేల్చడానికి ముందే స్ప్రింగు బయటికి తీసి చూడటం మంచిది.

కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల దారిలో రోజూ తిరిగేవారికి మరో ఇబ్బంది ఉంది. ఆ దుమ్ములో ఉక్కును గీసేంత గట్టి రేణువులుంటాయి. నూనె ఎక్కువగా పూసిన స్ప్రింగు వాటిని పట్టుకుంటుంది, ఆ మిశ్రమం సాన పట్టే పేస్టులా పనిచేసి తీగను, గైడ్ రాడ్‌ను కలిపి అరగదీస్తుంది. అందుకే తుడిచేశాక వేలికి అంటీ అంటనంత నూనె చాలు. ఆదిలాబాద్ వైపు చలికాలం తెల్లవారుజామున ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు దిగినప్పుడు చిక్కటి గ్రీజు మరింత చిక్కబడి బోల్టును నెమ్మదింపజేస్తుంది. ఆ పూట కనిపించే మొరాయింపు ఎండెక్కాక మాయమైతే నింద స్ప్రింగు మీద వేయకూడదు.

ఎన్ని రౌండ్లకు మార్చాలి

అన్ని పిస్టళ్లకూ సరిపోయే ఒకే అంకె లేదు. సెంటర్ ఫైర్ పిస్టళ్లలో గుండ్రటి తీగ స్ప్రింగుకు 3,000 నుంచి 5,000 రౌండ్లు అన్నది ఎక్కువగా వినిపించే లెక్క. బల్లపరుపు తీగతో చుట్టినవి, ఒకదానిలో ఒకటి అమర్చిన జంట స్ప్రింగులు అంతకంటే ఎక్కువ కాలం వస్తాయి. .22 పిస్టళ్లలో దెబ్బ తక్కువ కాబట్టి గడువు ఎక్కువే, కానీ మోడల్‌కూ మోడల్‌కూ తేడా ఉంటుంది. ఆ పిస్టల్‌తో వచ్చిన పుస్తకంలోని అంకెనే ప్రమాణంగా తీసుకోవాలి.

ఏళ్ల లెక్క ఎందుకు మోసం చేస్తుందో చూడటానికి రెండు ఉదాహరణలు చాలు. వారాంతాల్లో మాత్రమే హైదరాబాద్ వెళ్లి రెండు పూటలు వందేసి రౌండ్లు పేల్చే వరంగల్ విద్యార్థికి ఏడాదికి దాదాపు 10,000 రౌండ్లవుతాయి. రేంజ్ పక్కనే ఉండి వారానికి నాలుగు పూటలు సాధన చేసేవారికి 20,000. నలుగురు శిక్షణార్థులు పంచుకునే క్లబ్ పిస్టల్ లెక్క ఇంకా ముందుంటుంది, పైగా దాని రౌండ్లు ఎవరి పుస్తకంలోనూ పూర్తిగా ఉండవు. ఒక్కో పిస్టల్‌కు ఒక్కో నోటుబుక్కు పెట్టి తేదీ, రౌండ్లు, తూటాల లాట్, మొరాయింపులు రాసుకుంటేనే గడువు అనే మాటకు అర్థం ఉంటుంది. ఒక ముఖ్యమైన పోటీ మధ్యలో గడువు ముగిసేలా ఉంటే కొంచెం ముందే మార్చేయడం నయం. పిస్టల్ ధరతో పోలిస్తే స్ప్రింగు ఖర్చు ఏపాటిది.

దోషం నిజంగా స్ప్రింగుదేనా

అలసిన స్ప్రింగు సంకేతాలు కొన్ని స్పష్టంగానే ఉంటాయి. ఖాళీ షెళ్లు మునుపటి కంటే దూరంగా ఎగిరిపడతాయి, చేతికి తగిలే కుదుపు పదునెక్కుతుంది, బోల్టు చివరి మిల్లీమీటరు మూసుకోకుండా ఆగి బొటనవేలితో తడితే మూసుకుంటుంది. అతి గట్టి స్ప్రింగు వేస్తే దీనికి విరుద్ధంగా జరుగుతుంది. బోల్టు పూర్తిగా వెనక్కి పోక ఖాళీ షెల్ బయటికి వచ్చే తలుపులోనే ఇరుక్కుని పొగగొట్టంలా నిలబడుతుంది, లేదా కొత్త తూటా అందుకోకుండానే బోల్టు మూసుకుపోతుంది.

చిక్కేమిటంటే ఈ లక్షణాల్లో చాలా వరకు ఇతర కారణాలతోనూ వస్తాయి. .22 గుండు మీద పూసే మైనం, సీసపు పొడి, కాలని మందు కలిసి చాంబర్ అంచున గట్టి పొరలా పేరుకుంటాయి. అప్పుడు కొత్త స్ప్రింగు కూడా తూటాను పూర్తిగా కూర్చోబెట్టలేదు. మ్యాగజైన్ పెదవులు వంగినా, మ్యాగజైన్ స్ప్రింగు నీరసించినా తూటా మూతి పైకి లేచి తట్టుకుంటుంది. ఖాళీ షెల్‌ను చాంబర్ నుంచి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం అరిగితే షెల్ జారిపోతుంది. కాబట్టి ముందు చాంబర్ శుభ్రం చేసి, తర్వాత మ్యాగజైన్ మార్చి, ఆపై వేరే లాట్ తూటాలు పేల్చి చూడాలి. ఒక్కోసారి ఒక్కటే మార్చాలి. తడవకు మూడు మార్చితే సమస్య తీరినా ఎందుకు తీరిందో తెలియదు, నెల తర్వాత మళ్లీ వచ్చినప్పుడు మొదటికే వస్తుంది.

సైన్యం, పోలీసులు వాడే సర్వీస్ తరహా సెంటర్ ఫైర్ పిస్టళ్లకు ఒక పాత పరీక్ష ఉంది. తూటాలు లేవని రెండుసార్లు చూసుకుని, మూతిని సురక్షిత దిశలో కొంచెం పైకి పెట్టి, ట్రిగ్గర్ నొక్కి పట్టుకునే స్లైడ్‌ను వెనక్కి లాగి మెల్లగా వదిలితే అది తనంతట తాను పూర్తిగా మూసుకోవాలి. మధ్యలో ఆగితే స్ప్రింగు మార్చే సమయం వచ్చింది. .22 టార్గెట్ పిస్టళ్ల నిర్మాణం వేరు కాబట్టి ఈ పరీక్షను అన్నింటికీ వర్తింపజేయకూడదు.

కోయడం, సాగదీయడం, లేత్ దగ్గర చుట్టించడం

విడిభాగం దొరకడానికి వారాలు పట్టే చోట సొంత వైద్యం పుట్టుకొస్తుంది. సైకిల్ స్టాండు స్ప్రింగును సాగదీసి మళ్లీ తగిలించినట్టు రీకాయిల్ స్ప్రింగును చేత్తో సాగదీస్తే పొడవు తిరిగి వచ్చినట్టే కనిపిస్తుంది. కానీ హద్దు దాటి సాగిన ఉక్కు కొద్ది రౌండ్లకే మళ్లీ కూర్చుంటుంది, ఈసారి చుట్ల మధ్య దూరం సమంగా ఉండదు. మెత్తగా చేయడానికి ఒకటి రెండు చుట్లు కత్తిరించడం ఇంకా పొరపాటు. చుట్లు తగ్గిన స్ప్రింగు ప్రతి మిల్లీమీటరుకూ మునుపటి కంటే గట్టిగా ఎదురు తోస్తుంది. పొడవు తగ్గినందున మూసి ఉన్నప్పటి బిగువు మాత్రం పడిపోతుంది. బిగువు ఉండాల్సిన చోట పోయి, అక్కరలేని చోట పెరిగిందన్నమాట.

లేత్ పనివాడి దగ్గర అచ్చు అలాంటిదే చుట్టించవచ్చుగా అన్న ప్రశ్నకు జవాబు లెక్కలోనే ఉంది. స్ప్రింగు గట్టితనం తీగ మందం నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది. ఒక మిల్లీమీటరు తీగకు బదులు 1.1 మిల్లీమీటర్ల తీగ వాడితే, అంటే తలవెంట్రుక మందమంత తేడాకు, గట్టితనం 46 శాతం పెరుగుతుంది. చేయి ఎంత తిరిగిన పనివాడైనా తీగ రకం, దానికి చేసిన వేడి చికిత్స తెలియకుండా ఆ తేడాను సరిచేయలేడు.

మార్చేటప్పుడు

మ్యాగజైన్ తీసి, చాంబర్ ఖాళీ అని కంటితో, వేలితో చూసుకున్నాకే పని మొదలవుతుంది. గైడ్ రాడ్ బిగువు మీద ఉంటుంది కాబట్టి కళ్లద్దాలు తప్పనిసరి. ఎగిరిన స్ప్రింగు గది మూలల్లో మాయం కాకుండా పెద్ద పారదర్శక సంచిలో చేతులు పెట్టి విప్పడం ఆర్మరర్ల అలవాటు. కొన్ని స్ప్రింగులకు ఒక కొసన చుట్టు ఇరుకుగా ఉంటుంది, పాతది ఏ వైపు ఉందో ఫోన్‌లో ఫొటో తీసుకుంటే తిరగబడదు. బఫర్ ఉంటే దాన్నీ అప్పుడే చూడాలి. బిగించాక ఖాళీ పిస్టల్‌తో బోల్టు పదిసార్లు ఆడించి, ఆ తర్వాత పోటీలో వాడే తూటాలతోనే 50 నుంచి 100 రౌండ్లు పేల్చాలి. పోటీ ముందు రాత్రి లాడ్జి గదిలో స్ప్రింగు మార్చడం కన్నా పాతదానితో బరిలోకి దిగడమే తక్కువ ప్రమాదం.

చట్టం గీసిన గీత కూడా ఇక్కడ గుర్తుండాలి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకుల మరమ్మతు లైసెన్సు ఉన్నవారే చేయాలి, ఆయుధాల నిర్వచనంలోకి వాటి భాగాలు కూడా వస్తాయి. శుభ్రం చేసుకోవడం, తయారీదారు పుస్తకంలో వాడకందారుకు అప్పగించిన భాగాన్ని మార్చుకోవడం వేరు, యంత్రాన్ని సవరించడం వేరు. విదేశాల నుంచి భాగాలు తెప్పించేటప్పుడు రైఫిల్ సంఘం ద్వారానో లైసెన్సు ఉన్న డీలర్ ద్వారానో వెళ్లడమే సరైన దారి. ఆ దారిలో ఆలస్యం తప్పదు గనుక, వరంగల్ నుంచి హైదరాబాద్‌కు దాదాపు 150 కిలోమీటర్లు వెళ్లి సాధన చేసేవారి కిట్‌లో అదనపు స్ప్రింగు ఒకటి, బఫర్ ఒకటి ముందే ఉండటం అవసరం.

బరిలో మొరాయిస్తే

ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా పోటీ మధ్యలో పిస్టల్ ఆగిపోవచ్చు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం అప్పుడు షూటర్ పిస్టల్ మూతిని టార్గెట్ వైపే ఉంచి, ఖాళీ చేతిని పైకెత్తి రేంజ్ అధికారిని పిలవాలి. బోల్టును తట్టడం, సేఫ్టీని కదపడం వంటివి చేస్తే తనిఖీకి ముందే ఆధారం చెరిగిపోతుంది. అలా చేసినా, అసలు కారణం షూటర్ పొరపాటేనని తేలినా దాన్ని అనుమతించని మొరాయింపుగా పరిగణించి, పేలని గుండ్లకు సున్నా వేస్తారు. తూటా లోపమో యంత్రం లోపమో అని తేలితే ఆ విభాగం నిబంధనను బట్టి సిరీస్‌ను పూర్తి చేయడానికో మళ్లీ పేల్చడానికో అవకాశం ఇస్తారు. ఆ అవకాశానికీ పరిమితి ఉంది. సాధనలో బోల్టు మూసుకోనప్పుడల్లా బొటనవేలితో తట్టి ముందుకు సాగే అలవాటు ఉన్న షూటర్, పోటీలోనూ తెలియకుండానే అలాగే తట్టి, దక్కాల్సిన సిరీస్‌ను పోగొట్టుకుంటాడు.